ఈవెంట్స్ పరుగుకు ముందు: ఛాతీ పట్టేస్తే గ్యాస్ అని ఊరుకోకండి

చలి మొదలైతే చాలు, మా ఊరి కాలేజీ గ్రౌండ్ తెల్లవారుజామున ఐదింటికే నిండిపోతుంది. అందరూ కానిస్టేబుల్ ఈవెంట్స్ (ఉద్యోగానికి పెట్టే శారీరక పరీక్షలు) కోసం పరుగెత్తే పిల్లలే. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం అబ్బాయిలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. రెండేళ్లు కోచింగ్ సెంటర్లో కుర్చీకి అతుక్కుపోయిన పిల్లాడు ప్రిలిమ్స్ రిజల్ట్ రాగానే బూట్లు కొనుక్కుని వచ్చి, మొదటిరోజే నాలుగు రౌండ్లూ ఫుల్ స్పీడ్‌లో కొట్టేద్దామంటాడు. పీఈటీగా, అంటే వ్యాయామ ఉపాధ్యాయుడిగా, స్టాప్‌వాచ్ పట్టుకుని ఇక్కడ నిలబడుతున్న నాకు ఒక్క మాటంటే భయం: "ఏం లేదు సార్, గ్యాస్."

కిందటేడు ఒకబ్బాయి పరుగు అయ్యేదాకా బాగానే ఉన్నాడు. ఆగిన ఐదు నిమిషాలకు మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగిపోయాడు. ఊపిరి తీసినప్పుడల్లా గొంతు కింద గుంట లోపలికి పోతోంది. దగ్గరికెళ్తే పిల్లికూతలు వినబడుతున్నాయి. ఏమైందని అడిగితే ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. అప్పటికే ఎవరో సోడా కూడా తెచ్చారు. గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది: చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదట, పదో తరగతి దాటాక పోయిందనుకున్నారట. మందు పీల్చే పంపు (ఇన్‌హేలర్) మాత్రం ఇంట్లో బీరువాలో ఉందట!

పరుగెత్తేటప్పుడు నోటితో గబగబా గాలి పీలుస్తాం. ఆ చల్లటి పొడిగాలికి ఊపిరి గొట్టాలు ఎండి, బిగుసుకుపోతాయి. ఉబ్బసం తత్వం ఉన్నవాళ్లలో ఈ బిగింపు సాధారణంగా పరుగు ఆపిన ఐదు, పది నిమిషాలకు ముదురుతుంది. చాలామందికి గంటలోపు దానంతటదే తగ్గుతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. చిన్నప్పుడు ఆయాసం ఉన్నవాళ్లు, పొద్దున్నే తుమ్ములతో లేచేవాళ్లు, రాత్రుళ్లు దగ్గేవాళ్లు గ్రౌండ్‌కి రాకముందే డాక్టరుకు చూపించుకోవాలి. పరుగుకు ముందు పంపు వాడమంటే ఎన్ని నిమిషాల ముందో, ఎన్నిసార్లో అడిగి రాసుకోండి. నీలం పంపు అప్పటికప్పుడు ఉపశమనం ఇస్తుందే గానీ లోపలి వాపును తగ్గించదు. దాని మీదే రోజులు నెట్టుకొస్తుంటే వాపు తగ్గించే పంపు కావాలని అర్థం. పంపు అలవాటైపోతుందని అమ్మలు భయపడతారు. అలాంటిదేం లేదు.

ముందు పది, పదిహేను నిమిషాలు మెల్లగా వార్మప్ చేయాలి. మరీ చలిగా ఉంటే ముక్కూ నోరూ కప్పేలా పల్చటి కర్చీఫ్ కట్టుకోండి. మా గ్రౌండ్ గోడ పక్కన పొద్దున్నే చెత్త తగలబెడుతుంటారు. ఆ పొగ అటు తిరిగిన రోజు పరుగు మానేసి స్ట్రెచింగ్‌తో సరిపెడతాం. ఒక్కరోజుకి కొంపలేం మునగవు.

ఆయాసం వచ్చినవాణ్ణి పడుకోబెట్టకండి. కాస్త ముందుకు వంగి కూర్చోనివ్వండి. చుట్టూ మూగకండి. వాడికి డాక్టరు రాసిన నీలం పంపు ఉంటే, స్పేసర్‌తో (పంపుకు తగిలించే గొట్టం) ఒక్కో పఫ్ విడివిడిగా, మధ్యలో ఊపిరి తీసుకోనిస్తూ నాలుగు ఇవ్వండి. నాలుగు నిమిషాల్లో తేలికపడకపోతే మళ్లీ నాలుగు ఇస్తూ 108కి ఫోన్ చేయండి. వాక్యం పూర్తిగా చెప్పలేకపోయినా, పెదాలు నీలంగా మారినా ఆ నాలుగు నిమిషాలు కూడా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. పిల్లికూతలు ఆగిపోయి మనిషి ఇంకా రొప్పుతుంటే తగ్గిందనుకునేరు. గాలి ఆడటమే తగ్గిపోయిందని దానర్థం.

గుండె సంగతి వేరు. పరుగెత్తుతుండగానే ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి ఆగితే తగ్గడం, పరుగు మధ్యలో కళ్లు తిరిగి పడిపోవడం, గుండె ఉన్నట్టుండి దడదడలాడటం... వీటిలో ఏది కనిపించినా ఆ రోజుతో ప్రాక్టీస్ బంద్. ఇంట్లోవాళ్లనీ అడగండి, యాభై లోపు వయసులో ఎవరైనా హఠాత్తుగా పోయారా అని. "మా బాబాయి నిద్రలోనే పోయాడు సార్" అని మామూలుగా చెప్పేస్తారు పిల్లలు. కామెరూన్ ఫుట్‌బాలర్ మార్క్ వివియన్ ఫోయె 2003లో, 28 ఏళ్లకే మ్యాచ్ మధ్యలో కుప్పకూలి చనిపోయాడు. గుండె కండరం మందంగా ఉండే జబ్బని పోస్ట్‌మార్టంలో తేలింది. అది కుటుంబాల్లో వచ్చే జబ్బు. పైన చెప్పిన వాటిలో ఏదున్నా ఈసీజీతో పాటు ఎకో (గుండె స్కానింగ్) కూడా అవసరమేమో డాక్టరును అడగండి.

పొడుగ్గా, సన్నగా ఉండే కుర్రాళ్లకు ఒక్కోసారి ఊపిరితిత్తి మీది చిన్న బుడగ పగిలి గాలి బయటికొస్తుంది. ఛాతీకి ఒక పక్కనే కత్తితో పొడిచినట్టు నొప్పి, వెంటనే ఆయాసం. సిగరెట్ తాగేవాళ్లకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. ఎక్స్‌రేలో తెలుస్తుంది. కాలికి కట్టు కట్టించుకుని కదలకుండా ఉన్నాక, గంటల తరబడి ప్రయాణం చేశాక పిక్క ఒక్కటే వాచి, ఆ తర్వాత ఆయాసం వస్తే కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తికి చేరిందేమోనని అనుమానించాలి. గర్భనిరోధక మాత్రలు గానీ, ఈవెంట్స్ రోజుకు నెలసరి వాయిదా వేయడానికి మాత్రలు గానీ వాడే అమ్మాయిలు ఆ సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పాలి.

టెన్షన్ వల్ల కూడా ఛాతీ పట్టేస్తుంది, నిజమే. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, చచ్చిపోతానేమో అనిపిస్తుంది, చాలాసార్లు పది నిమిషాల్లో పతాకస్థాయికి చేరి దిగుతుంది. కానీ మొదటిసారి వచ్చినప్పుడు అది టెన్షనేనని తేల్చాల్సింది డాక్టరు. ఈసీజీ, ఆక్సిజన్ చూశాక చెప్పాల్సిన మాట అది. నాతో సహా గ్రౌండ్‌లో ఎవరికీ ఆ అధికారం లేదు.

జ్వరం తగ్గిన మర్నాడే పరుగుకు రాకండి. వైరల్ జ్వరాల తర్వాత ఒక్కోసారి గుండె కండరం వాస్తుంది, దాని మీద పరుగు ప్రమాదం. ఇక జిమ్‌లో స్నేహితుడిచ్చిన ప్రీ వర్కవుట్ పొడి (వ్యాయామానికి ముందు కలుపుకుని తాగేది), రెండు డబ్బాల ఎనర్జీ డ్రింక్, ఖాళీ కడుపు: ఈ మూడూ కలిపి వచ్చేవాణ్ణి నేను గేటు దగ్గరే వెనక్కి పంపుతాను, తిట్టుకుంటే తిట్టుకోనీ.

ఎవరైనా పడిపోయి, పిలిచినా పలకక, ఊపిరి సరిగ్గా తీసుకోకపోతే ఒకరు 108కి చేయాలి, ఇంకొకరు ఛాతీ మధ్యలో అయిదు సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూనే ఉండాలి. 2021 యూరో కప్‌లో డెన్మార్క్ ఫుట్‌బాలర్ క్రిస్టియన్ ఎరిక్సన్ కూలిపోయినప్పుడు అక్కడే ఇలా ఛాతీ నొక్కి (సీపీఆర్ చేసి), షాక్ ఇచ్చి గుండెను మళ్లీ నడిపించారు. అతను తర్వాత మైదానంలోకి తిరిగొచ్చాడు. గుండెనొప్పికి వాడే సార్బిట్రేట్ మాత్రను సొంత వైద్యంగా నాలుక కింద పెట్టకండి, బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. నోట్లో నీళ్లు పోయొద్దు.

మరో సంగతి. ఆ అబ్బాయి కోసం 108 వచ్చినరోజు గ్రౌండ్ పెద్ద గేటుకు తాళం ఉంది, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీ కొట్టు దగ్గర. పిల్లాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి చిన్న గేటులోంచి మోసుకెళ్లాం. మీరు పరుగెత్తే చోట తాళం ఎవరి దగ్గరుందో ఈరోజే కనుక్కోండి. మేం ఇంకో తాళంచెవి చేయించి, స్టాప్‌వాచ్ తాడుకే కట్టాం.