పాత బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్: ఏ ప్రింట్ వెతకాలి, ఏ వరుసలో చూడాలి

1955 నుంచి 1975 దాకా బ్రిటన్‌లో తక్కువ ఖర్చుతో కొన్ని గట్టి సైన్స్ ఫిక్షన్ సినిమాలు వచ్చాయి. వాటిని పావుగంట చూసి కట్టేసేవాళ్లే ఎక్కువ. తప్పు చాలాసార్లు సినిమాది కాదు, చేతికొచ్చిన ప్రింట్‌ది.

ముందు పేరు చూసుకోండి. వీటిలో చాలావాటికి అమెరికాలో పేర్లు మార్చారు. 'క్వాటర్‌మాస్ అండ్ ద పిట్' (1967) అక్కడ 'ఫైవ్ మిలియన్ ఇయర్స్ టు ఎర్త్' అయింది. 'డాపెల్‌గాంగర్' (1969) 'జర్నీ టు ద ఫార్ సైడ్ ఆఫ్ ద సన్' అయింది. రెండు పేర్లతోనూ వెతకాలి. క్వాటర్‌మాస్ అనే శాస్త్రవేత్త కథల్లో తొలి సినిమా, 1955 నాటి 'ద క్వాటర్‌మాస్ ఎక్స్‌పెరిమెంట్'తో ఇంకో చిక్కుంది. పెద్దలకు మాత్రమే అనే 'ఎక్స్' సర్టిఫికెట్‌నే ప్రచారంగా వాడుకోవాలని పేరులోని Experimentలో మొదటి E అక్షరం ఎగరగొట్టి Xperiment అని రాశారు. అచ్చుతప్పు అనుకుని దిద్దితే సినిమా దొరక్కపోవచ్చు.

తర్వాత నిడివి. యూరప్ పాత డీవీడీలు సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25తో నడుపుతాయి. అంటే 98 నిమిషాల సినిమా 94కే అయిపోతుంది, ఒక్క సీనూ పోదు. నాలుగు శాతం తేడా వస్తే కంగారు పడక్కర్లేదు. అంతకు మించితే కత్తెర పడిందనే అనుమానించాలి. జోసెఫ్ లోజీ తీసిన 'ద డ్యామ్డ్' దీనికి మంచి ఉదాహరణ. పూర్తి ప్రింట్ 96 నిమిషాలు. బ్రిటన్‌లో 1963లో విడుదల చేసినప్పుడు 87కి, అమెరికాలో 77కి కోశారు. డిస్క్ మీద 96 గానీ 92 గానీ ఉంటే తీసుకోండి, 90 లోపు ఉంటే వదిలేయండి.

టీవీలో మూడు సెట్టింగులు చూసుకోవాలి. జూమ్ తీసేయండి. 'ద డ్యామ్డ్' లాంటివి 2.35:1 వెడల్పులో తీసినవి, తెర నిండా సాగదీస్తే పక్కన నిలబడ్డ మనిషి మాయమవుతాడు. కదలిక నునుపుగా కనిపించేలా టీవీ తనే ఫ్రేములు చేర్చే మోషన్ స్మూతింగ్ ఆపేయండి. 'డాపెల్‌గాంగర్'లో డెరెక్ మెడింగ్స్ చేసిన రాకెట్లు చిన్న నమూనాలు. అలాంటివాటిని తీసేటప్పుడు కెమెరాను మామూలుకన్నా వేగంగా నడుపుతారు, అప్పుడే తెరమీద కదలిక నెమ్మదించి బరువుగా కనిపిస్తుంది. టీవీ మధ్యలో తన ఫ్రేములు చొప్పిస్తే ఆ బరువు పోయి బొమ్మ బొమ్మలాగే ఉంటుంది. మూడోది, నలుపు తెలుపు సినిమా కదా అని కలర్‌ను సున్నాకి దించకండి. కారణం కింద చెప్తాం.

మొదలుపెట్టడానికి 'క్వాటర్‌మాస్ అండ్ ద పిట్'ను మించింది లేదు. లండన్ భూగర్భ రైలు స్టేషన్ కోసం తవ్వుతుంటే ముందు పుర్రెలు, ఆ తర్వాత పేలని జర్మన్ బాంబులాంటిదేదో బయటపడతాయి. రచయిత నైజెల్ నీల్ పద్ధతి ఏమిటంటే, దెయ్యాల కథలన్నిటికీ ఒక సైన్సు కారణం చూపించి, ఆ కారణాన్ని దెయ్యంకన్నా భయంకరంగా మార్చడం. వీధి పేరు పాత బోర్డు మీద ఒకలా, కొత్త బోర్డు మీద ఒకలా రాసి ఉండే సీను జాగ్రత్తగా చూడండి. ఆ వీధి పేరు హాబ్స్ లేన్, హాబ్ అంటే పాతకాలపు ఇంగ్లిష్‌ వాడుకలో సైతాను. సబ్‌టైటిల్స్ లేకపోతే ఇలాంటివి జారిపోతాయి. గుంపులుగా పురుగులు కనిపించే దృశ్యంలో ఎఫెక్ట్స్ నాసిగా ఉంటాయి, దాచేదేం లేదు. అక్కడ ఆపేస్తే మాత్రం నష్టం మీదే. అసలు భయం చివరి భాగంలో ఉంది.

రెండోది వాల్ గెస్ట్ తీసిన 'ద డే ద ఎర్త్ కాట్ ఫైర్' (1961). అమెరికా, సోవియట్ యూనియన్ ఒకేసారి అణుపరీక్షలు చేయడంతో భూమి గతి తప్పుతుంది. ఆ సంగతి మనకు శాస్త్రవేత్తలతో కాదు, ఫ్లీట్ స్ట్రీట్‌లోని డైలీ ఎక్స్‌ప్రెస్ విలేకరులతో పాటు ముక్కముక్కలుగా తెలుస్తుంది. ఎడిటర్ వేషం వేసింది ఆ పత్రికకే ఎడిటర్‌గా పనిచేసిన ఆర్థర్ క్రిస్టియన్‌సెన్. ఆయన నటనలో బిగుసుకుపోతాడు గానీ, ఆ గదిలో పని మాత్రం నిజంగా జరుగుతున్నట్టే ఉంటుంది. సినిమా నలుపు తెలుపే అయినా మొదలూ ముగింపూ నారింజ రంగులో ముంచి తీశారు. మొదటి దృశ్యం బూడిదరంగులో కనిపిస్తే ఆపి, టీవీ కలర్ చూసుకోండి. అది సరిగానే ఉంటే ప్రింట్ మార్చండి, ఎందుకంటే ఎండ మండిపోతున్న లండన్ ఆ రంగులోనే ఉంది. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి కాబట్టి ఇక్కడా సబ్‌టైటిల్స్ తప్పనిసరి.

'ద డ్యామ్డ్' మూడోది. మొదట్లో చాలాసేపు ఇది వేమౌత్ సముద్రతీరంలో ఆలివర్ రీడ్ రౌడీ మూక కథలా నడుస్తుంది, వేరే సినిమా పెట్టామా అనిపిస్తుంది. ఓపిక పట్టండి. ట్రైలరూ, డిస్క్ వెనక రాసిన కథా మాత్రం చూడొద్దు.

'ఫేజ్ ఫోర్' (1974) చివరికి ఉంచుకోండి. టైటిల్ డిజైనర్ సాల్ బాస్ దర్శకత్వం వహించిన ఒకే ఒక్క పూర్తి నిడివి కథాచిత్రం ఇది. కథ అరిజోనా ఎడారిది, ఇండోర్ సీన్లు ఇంగ్లండ్‌లోని పైన్‌వుడ్ స్టూడియోలో తీశారు. కెన్ మిడిల్‌హామ్ క్లోజప్‌లో పట్టిన చీమలే ఇందులో అసలు పాత్రలు, చిన్న ఫోన్ తెర మీద అవి నల్లటి చుక్కలైపోతాయి. బాస్ అనుకున్న ముగింపును నిర్మాణ సంస్థ కత్తిరించేసింది. అది 2012లో మళ్లీ తెరమీద కనిపించింది, కొన్ని బ్లూరేలలో అదనంగా ఇస్తున్నారు. ముందు సినిమాను విడుదలైనట్టే పూర్తిగా చూసి, వెంటనే ఆ ముగింపు వేసుకోండి.