లోడు వేస్తే వెనక కూర్చునే పికప్: లిఫ్ట్ కొనే ముందు తేల్చుకోవాల్సినవి

ఒడిశాలోని కొరాపుట్, సెమిలిగుడ వైపు నుంచి సుంకి ఘాట్ మీదుగా సాలూరు వైపు అల్లం, క్యాబేజీ కిందికి దించే పికప్‌ల వాళ్లని ఎవరిని కదిపినా ఒకటే మాట: బండి వెనక కూర్చుంటోంది, లిఫ్ట్ చేయించాలి. సాలూరు అంటేనే లారీల ఊరు కాబట్టి కమాను (లీఫ్ స్ప్రింగు) పని తెలిసినవాళ్లకి కొదవ లేదు, అడిగితే పూటలో ఎత్తి ఇచ్చేస్తారు. తర్వాత నెల తిరక్కుండానే బ్రేకు లేటుగా పడుతోందని, షాఫ్టు మోత వస్తోందని, ఖాళీ బండి గంతులేస్తోందని మళ్లీ అదే షాపు ముందు నిలబడతారు. బండి ఎత్తు పెంచడం ఒక పని, బరువుకి తట్టుకునేలా చేయడం ఇంకో పని. లిఫ్ట్ అనే ఒక్క పేరుతో ఈ రెండూ కలిపి అమ్ముతారు. మీకు కావాల్సింది ఏదో బండి లక్షణాలే చెబుతాయి, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

లోడు వేయగానే వెనక దిగిపోతోంది, ముందు స్టీరింగ్ తేలిపోతోంది

ముందు టేపు పట్టుకోండి. సమానమైన నేల మీద బండి నిలిపి, ప్రతి చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా ఎంతుందో ఖాళీగా ఒకసారి, మామూలుగా వేసే లోడుతో ఇంకోసారి కొలిచి రాసుకోండి. ఖాళీ పికప్ వెనక వైపు కాస్త ఎత్తుగా ఉండటం కంపెనీ పెట్టిన పద్ధతే, నిండా లోడు పడ్డాక కమాన్లు దాదాపు బల్లపరుపుగా కావడం కూడా జబ్బు కాదు. కమాను వంపు తిరగబడి నడుం కిందికి కాకుండా పైకి వంగినా, చాసిస్ కింద రబ్బరు బఫర్ యాక్సిల్ హౌసింగ్‌ని తాకుతున్నా అప్పుడు జబ్బు. బఫర్ కింద వేలు పెట్టి చూడండి: దుమ్ము పేరుకుని ఉంటే అది పెద్దగా తగలడం లేదు, రబ్బరు నల్లగా మెరుస్తూ అంచులు చిట్లి ఉంటే రోజూ దెబ్బ తింటోందన్నట్టే.

రెండోది కాటా. మొత్తం బరువు ఒక్కటే తూయించి చీటీ జేబులో పెట్టుకుంటే సరిపోదు. వెనక చక్రాలు మాత్రమే ప్లేటు మీద ఉండేలా ఒకసారి, ముందు చక్రాలు మాత్రమే ఉండేలా ఒకసారి తూయించండి, కాటావాడు విసుక్కున్నా సరే. మొత్తం బరువు ఆర్‌సీలో రాసిన దానికి లోపలే ఉన్నా వెనక యాక్సిల్ మీద మోయలేనంత పడుతూ ఉండొచ్చు. ఇది ఎలా జరుగుతుందో చిన్న లెక్క చూడండి. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 3 మీటర్లు ఉన్న బండిలో, వెనక చక్రం నడిమధ్య నుంచి ఇంకో మీటరు వెనక్కి, అంటే తొట్టి తలుపు దగ్గర, 150 కిలోలు పెడితే వెనక యాక్సిల్ మీద పడేది 150 కాదు, 200 కిలోలు. ఆ మిగతా 50 ముందు చక్రాల నుంచి లేచిపోయింది. స్టీరింగ్ తేలడం, రాత్రి లైట్లు ఎదుటివాడి కళ్లలో కొట్టడం అన్నీ ఇక్కడి నుంచే వస్తాయి. కుందులి సంతలో బస్తాలు ఎక్కించేవాళ్లు త్వరగా పని తెమలాలని తలుపు దగ్గరే పేర్చేస్తారు, మీరు దగ్గర నిలబడి బరువైనవి క్యాబిన్ వెనక గోడకి ఆనించి కింద వరుసలో వేయించండి. దీంతోనే సగం మందికి లిఫ్ట్ అవసరం తీరిపోతుంది, పైసా ఖర్చు లేదు.

లోడు సర్దాక కూడా కూర్చుంటోంది, బరువు మాత్రం హద్దులోనే ఉంది అంటే కమాన్లు అలసిపోయాయి. బండి ఖాళీగా ఉన్నప్పుడే మునుపటి కంటే దిగి ఉంటుంది. కమాను పట్టీల (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పలకల) మధ్య ఇటుక రంగు పొడి రాలుతున్నా, వాటిని నడిమధ్య కలిపి పట్టే సెంటర్ బోల్ట్ దగ్గర సన్నని గీతలాంటి పగులు కనిపించినా ఇక ఆలోచించొద్దు, కట్ట విప్పాల్సిందే.

సరే, ఏది వేయించాలి?

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. బరువు ఎప్పుడూ బండి మీదే ఉంటుందా, వచ్చి పోతుందా అన్నదాన్ని బట్టే అంతా.

ఇనుప పంజరం, నీళ్ల ట్యాంకు, వెల్డింగ్ జనరేటర్, పనిముట్ల పెట్టె లాంటివి శాశ్వతంగా బిగించుకుని తిరిగే బండికి ఆ బరువుని లెక్కలో వేసుకుని చేసిన కమాన్ల సెట్టు వేయించడమే సరైన దారి. డీ-మ్యాక్స్ వీ-క్రాస్, హైలక్స్ లాంటి బండ్లకి ఓల్డ్ మ్యాన్ ఈము లాంటి కంపెనీలు ఒకే ఎత్తులో వేర్వేరు బరువులకి వేర్వేరు స్ప్రింగులు ఇస్తాయి. "2 అంగుళాల కిట్టు కావాలి" అని మాత్రమే అడిగితే షాపువాడు చేతికి అందింది ఇస్తాడు, ఎప్పుడూ ఉండే బరువు ఇన్ని కిలోలు అని చెప్పి అడగండి. ఆ అంకె కోసమే కాటాకి వెళ్లమన్నది.

పొద్దున ఖాళీగా ఎక్కి సాయంత్రం నిండుగా దిగే బండికి గట్టి సెట్టు వేస్తే ఖాళీగా వెళ్లేటప్పుడు నరకం. దానికి హెల్పర్ స్ప్రింగ్ మంచిది, ఖాళీగా ఉన్నప్పుడు ముట్టుకోకుండా ఉండి, బరువు పడ్డాకే పని మొదలుపెడుతుంది. ఎయిర్ బ్యాగులూ (చాసిస్‌కీ యాక్సిల్‌కీ మధ్య పెట్టే గాలి సంచులు) వేసుకోవచ్చు, లోడుని బట్టి గాలి పెంచుకోవచ్చు, కానీ రెండు షరతులు. ఎడమ బ్యాగుకీ కుడి బ్యాగుకీ గాలి పైపులు విడివిడిగా ఉండాలి, రెండూ ఒకే పైపుకి కలిపేస్తే ఘాట్ మలుపులో బరువు పడిన వైపు గాలి అవతలి బ్యాగులోకి పోయి బండి ఇంకా వాలిపోతుంది. రెండోది, కమాను తన బరువుని చాసిస్ మీద ముందు ఒక చోట, వెనక ఒక చోట దించుతుంది, బ్యాగు మాత్రం యాక్సిల్ పైన ఒక్క చోటే పైకి నెడుతుంది. తలుపు దగ్గర బరువు వేసుకుని బ్యాగులు బిగ్గా నింపి గోతుల్లో తోలితే సరిగ్గా అక్కడే చాసిస్ వంగడమో చిట్లడమో జరుగుతుంది.

షాపుల్లో ఎక్కువగా చేసేది అదనపు పట్టీ వేయడం. చౌక, త్వరగా అయిపోతుంది, తప్పని నేను అనను. అయితే పాత కట్ట అలసిపోయి ఉంటే కొత్త పట్టీ ఒక్కటే భారమంతా మోసి, అదీ తొందరగా వంపు పోగొట్టుకుంటుంది. మరీ పొట్టి ముక్క వేస్తే దాని కొస తగిలే చోట పై పట్టీ విరుగుతుంది. కింద నుంచి పైకి మెట్లు మెట్లుగా పొడవు పెరిగేలా ఉందో లేదో చూసుకోండి.

లిఫ్ట్ వేయించాను, అయినా లోడుతో బఫర్ తగులుతోంది

మీకు వేసింది బ్లాకులో, పొడవాటి షాకిళ్లో (కమాను కొసని చాసిస్‌కి కలిపే ఇనుప పలకలు) అయి ఉంటుంది. ఇవి ఎత్తు ఇస్తాయి, బలం ఒక్క కిలో కూడా పెంచవు. షాకిల్ 2 అంగుళాలు పొడవు పెంచితే బండి లేచేది సుమారు 1 అంగుళమే, అది కూడా చాలామందికి తెలియక మోసపోయామనుకుంటారు. హౌసింగ్‌కీ కమానుకీ మధ్య పెట్టే బ్లాకు ఎంత ఎత్తుంటే క్లచ్ వదిలినప్పుడు హౌసింగ్ కమానుని అంతగా మెలిపెడుతుంది, ఘాట్ ఎక్కుతూ ఫస్ట్ గేరులో లాగేటప్పుడు వెనక దడదడలాడేది అందుకే. ముందు యాక్సిల్‌కి మాత్రం బ్లాకులు ఎవరు చెప్పినా వేయించొద్దు, బ్రేకు పడినప్పుడు బరువంతా అక్కడికే వస్తుంది. పరిష్కారం: బ్లాకు తీసేసి, ఆ ఎత్తు కమాను వంపులోనే వచ్చేలా కట్ట చేయించుకోవడం.

ఎత్తు పెంచినా రాళ్లకి కింద తగులుతోంది

ఆంధ్ర, ఒడిశా రెండూ మావంటే మావనే కొఠియా ఊళ్ల మట్టిదారులు ఎక్కేవాళ్ల ఫిర్యాదు ఇది. వెనక క్రౌన్ గేరు ఉండే హౌసింగ్ చక్రాలతో పాటే ఉంటుంది, సస్పెన్షన్ ఎంత ఎత్తినా అది నేల నుంచి వెంట్రుకవాసి లేవదు. లేచేది చాసిస్, తొట్టి, డీజిల్ ట్యాంకు. హౌసింగ్ లేవాలంటే టైరు పెద్దది కావాలి, టైరు వ్యాసం 40 మిల్లీమీటర్లు పెంచితే దక్కేది 20. పైగా లాగుడు తగ్గుతుంది, స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది.

బ్రేకు మునుపటిలా పట్టడం లేదు

అన్నిట్లోకీ ప్రమాదం ఇదే, ఎవరూ చెప్పనిదీ ఇదే. చాలా పికప్‌లలో వెనక హౌసింగ్‌కీ చాసిస్‌కీ మధ్య సన్నని కడ్డీతో ఒక వాల్వు ఉంటుంది, ఎల్‌ఎస్‌పీవీ అంటారు. లోడు పడి చాసిస్ కిందికి దిగితే వెనక బ్రేకుకి ఎక్కువ ఒత్తిడి పంపాలని, ఖాళీగా లేచి ఉంటే తక్కువ పంపాలని దానికి తెలిసేది ఆ కడ్డీ వల్లే. మీరు బండి ఎత్తేశాక, లేదా గట్టి కమాన్లు వేశాక, నిండా లోడున్నా చాసిస్ దిగదు, దాంతో వాల్వు బండి ఖాళీ అనుకుని వెనక బ్రేకు కోసేస్తుంది. భారమంతా ముందు బ్రేకులే మోసి ఘాట్ దిగేసరికి వేడెక్కి వాసన కొడతాయి. కమాను షాపువాడు ఆ కడ్డీని తీగతో కట్టేస్తానంటే ఒప్పుకోకండి, ఖాళీగా వానలో బ్రేకు వేస్తే వెనక చక్రాలు జామై బండి అడ్డం తిరుగుతుంది. బండి కంపెనీ మాన్యువల్ ప్రకారం కడ్డీ బ్రాకెట్టు సర్ది సెట్ చేయించాలి. అదే సమయంలో వెనక చక్రాలు గాల్లో వేలాడేలా జాకీ ఎత్తి బ్రేకు హోస్ పైపు బిగుసుకుంటోందేమో, షాక్ అబ్జార్బరు చివరిదాకా సాగిపోతోందేమో చూడండి. సాగిపోతే పొడవైనవి కావాలి.

వేగం అందుకుంటే కింద వణుకు, బయల్దేరేటప్పుడు ధడేలు

ప్రొపెల్లర్ షాఫ్టు వాలు మారింది. రెండు ముక్కల షాఫ్టు అయితే సెంటర్ బేరింగ్ బ్రాకెట్టుని కొంచెం కిందికి దించడం, హౌసింగ్‌కీ కమానుకీ మధ్య ఏటవాలు పలకలాంటి షిమ్ వేసి ముక్కు వాలు సరిచేయడం, ఈ రెంటితో పోతుంది. వణుకుతోనే తిరిగితే షాఫ్టు కీళ్లలోని క్రాసులు పోతాయి.

ఒక పక్కకి వాలుతోంది

రెండు కమాన్ కట్టల్నీ ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి బిగించండి. వాలు కూడా పక్క మారితే తప్పు కమానులో ఉంది. మారకపోతే చాసిస్, షాకిల్ బుషులు, లేదా బరువంతా ఒక పక్క బిగించిన పెట్టె.

ఖాళీగా గంతులు, స్టీరింగ్ అటూ ఇటూ తిరగడం

గంతులు: కమాను అవసరానికి మించి గట్టిది, ఒక పట్టీ తీయించండి, టైర్లలో లోడు గాలి ఉంచుకునే ఖాళీగా తోలుతున్నారేమో కూడా చూడండి. స్టీరింగ్ నిలకడ లేకపోవడం, ముందు టైర్లు ఒక అంచే అరిగిపోవడం: ఎత్తిన తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించలేదు, అంతే.

ఇంకో మాట, ఎన్ని కమాన్లు వేసినా ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు పెరగదు. ఓవర్‌లోడుకి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 కింద 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకి 2,000 చొప్పున, పైగా సరుకు అక్కడే దించాలి. ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చడం సెక్షన్ 52 ఒప్పుకోదు, ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సువాడు ముందు పట్టుకునేది దాన్నే. 4 అంగుళాల లిఫ్ట్ జోలికి పోతే అసలుకే ఎసరు, లోడు బండికి ఒకటిన్నర, మహా అయితే 2 అంగుళాలు చాలు. అంతకు మించితే మలుపుల్లో బరువు పైన ఊగుతుంది.

పని అయ్యాక కమానుని హౌసింగ్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు పాతవే తిరిగి బిగించారేమో అడగండి, కొత్తవే వేయాలి, 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి. షాకిల్, కమాను బుష్ బోల్టులు చివరి బిగింపు బండి జాకీ మీద ఉన్నప్పుడు వేస్తే రబ్బరు మెలిపడిన స్థితిలోనే ఇరుక్కుపోయి తొందరగా చిరుగుతుంది, చక్రాలు నేల మీద పెట్టించి, బండి ఒకసారి ఊపి, అప్పుడు వేయమనండి.