డైరెక్టరీ సర్వర్‌ను అడిగితే ప్రోగ్రామ్ అంతా ఆగిపోతోందా? సమస్య - పరిష్కారం

పైథాన్‌లో ఎసింక్‌ఐఓ (చాలా పనులను వంతులవారీగా నడిపే లైబ్రరీ) మీద నడిచే చిన్న చాట్ సర్వర్ ఒకటి కొన్నాళ్లు నా చేతిలో ఉండేది. లాగిన్ అయ్యేవారి వివరాలు ఓపెన్‌ఎల్‌డాప్ డైరెక్టరీలో (వాడుకరుల వివరాలు దాచే సర్వర్) ఉండేవి, వాటిని పైథాన్-ఎల్‌డాప్ లైబ్రరీతో తెచ్చుకునేవాళ్లం. ఉదయం అందరూ ఒక్కసారిగా లాగిన్ అయ్యే వేళకు, అప్పటికే మాట్లాడుకుంటున్నవాళ్ల సందేశాలు కూడా నిలిచిపోయేవి.

తప్పు ప్రోటోకాల్‌ది కాదు. డైరెక్టరీతో మాట్లాడే ప్రోటోకాల్ అయిన ఎల్‌డాప్‌లో ప్రతి అభ్యర్థనకూ ఒక మెసేజ్ నంబరు ఉంటుంది. ఒకే కనెక్షన్ మీద పది ప్రశ్నలు వరుసగా పంపి, జవాబులు ఏ వరుసలో వచ్చినా నంబరు చూసి పంచుకోవచ్చు. చిక్కంతా పైథాన్-ఎల్‌డాప్ లైబ్రరీకీ ఈవెంట్ లూప్‌కూ (ఎసింక్‌ఐఓలో పనులకు వంతులు వేసే భాగం) పొత్తు కుదరకపోవడంలోనే ఉంది.

ఒకరి లాగిన్ కోసం అందరూ ఆగుతున్నారు

ముందు ఎసింక్‌ఐఓ డీబగ్ మోడ్ ఆన్ చేయండి. 100 మిల్లీసెకన్లకు మించి లూప్‌ను పట్టుకున్న పని ఏదో అది లాగ్‌లో రాస్తుంది. అక్కడ మీ లాగిన్ ఫంక్షన్ కనిపిస్తే, లోపల సెర్చ్_ఎస్ పిలుపు ఉందేమో చూడండి. చివర '_ఎస్' ఉన్నవన్నీ జవాబు వచ్చేదాకా కదలవు. ఫంక్షన్ ముందు 'అసింక్' అని రాసినంత మాత్రాన వాటి స్వభావం మారదు.

రోజుకు కొన్ని వందల లాగిన్లే ఉంటే ఆ పిలుపును థ్రెడ్ పూల్‌కు (లూప్‌ను ఆపకుండా పక్కన పని చేసే థ్రెడ్ల గుంపు) అప్పగించి ఊరుకోండి. కింద చెప్పే తంటా అంతా అనవసరం. నేను ఆ మాట వినకుండా సెర్చ్_ఎక్స్‌ట్‌కు మారాను. అది ప్రశ్న పంపి వెంటనే మెసేజ్ నంబరు చేతికిస్తుంది.

మారిన తర్వాత కూడా మొదటి ప్రశ్న దగ్గర బిగుసుకుపోతోంది

ఇనిషియలైజ్ అని పిలవగానే కనెక్షన్ ఏర్పడుతుందనుకుంటాం. ఏర్పడదు. మొదటి అభ్యర్థన పంపేటప్పుడే సర్వర్ పేరు వెతకడం, టీసీపీ కనెక్షన్, 636 పోర్టు అయితే టీఎల్ఎస్ (గుప్తీకరణ) తంతు, అన్నీ ఆ పిలుపులోనే జరుగుతాయి. మధ్యలో ఫైర్‌వాల్ ప్యాకెట్లను చప్పుడు లేకుండా పారేస్తుంటే, లినక్స్ తన మామూలు సెట్టింగుతో రెండు నిమిషాలకు పైగా ప్రయత్నిస్తూనే ఉంటుంది. కనెక్షన్ తెరవడం, మొదటి బైండ్ (పేరు, పాస్‌వర్డ్ చెప్పి సర్వర్‌కు గుర్తింపు చూపడం) రెండూ థ్రెడ్‌లో చేయించి, సిద్ధమైన కనెక్షన్‌నే లూప్‌కు ఇవ్వండి. ఓపీటీ_నెట్‌వర్క్_టైమౌట్‌ను 3 సెకన్లకు పెట్టండి.

సర్వర్ జవాబిచ్చింది, ప్రోగ్రామ్‌కు మాత్రం అందలేదు

నాకు రెండు రోజులు నిద్ర లేకుండా చేసింది ఇదే. ఇద్దరు ఒకే క్షణంలో లాగిన్ అయితే రెండోవారు లోపలికి వెళ్లేవారు, మొదటివారి తెరపై చక్రం తిరుగుతూనే ఉండేది. సర్వర్ లాగ్‌లో చూస్తే ఆ ఇద్దరికీ 'సెర్చ్ రిజల్ట్ ట్యాగ్=101 ఎర్=0 ఎన్‌ఎంట్రీస్=1' అని స్పష్టంగా ఉంది. అంటే ఉత్తరం ఇంటికి చేరింది, తీసుకున్నవాళ్లే లేరు.

కారణాలు రెండు కలిశాయి. ప్రతి ప్రశ్నకూ నేను యాడ్_రీడర్ (సాకెట్‌కు, అంటే కనెక్షన్ కొసకు, డేటా వస్తే ఫలానా ఫంక్షన్‌ను, అంటే కాల్‌బ్యాక్‌ను, పిలవమని లూప్‌కు చెప్పేది) పిలుస్తున్నాను. ఒకే సాకెట్ మీద రెండోసారి పిలిస్తే ఎసింక్‌ఐఓ పాత కాల్‌బ్యాక్‌ను తీసేసి కొత్తది పెడుతుంది, ఫిర్యాదు కూడా చేయదు. ఇక మిగిలిన కాల్‌బ్యాక్ 'నా నంబరు జవాబు వచ్చిందా' అని మాత్రమే అడుగుతోంది. లైబ్రరీ సాకెట్ నుంచి వేరే నంబరు జవాబును చదివితే పారేయదు, తన వరుసలో దాచుకుంటుంది. సాకెట్ ఖాళీ అయింది కాబట్టి లూప్ మళ్లీ లేపదు. దాచినదాన్ని అడిగేవారు లేరు.

పరిష్కారం: కనెక్షన్‌కు ఒక్కటే రీడర్. ఏ నంబరుకు ఏ ఫ్యూచర్ (రాబోయే జవాబు కోసం ఉంచిన ఖాళీ చోటు) ఎదురుచూస్తోందో ఒక డిక్షనరీలో రాసుకోండి. సాకెట్ కదలగానే, జవాబు తెచ్చే రిజల్ట్3ని ఆర్ఈఎస్_ఎనీ నంబరుతో (ఏ ప్రశ్న జవాబైనా సరే అని), ఆల్=0, టైమౌట్=0తో పిలవండి. ఒకసారి పిలిచి ఆపకండి, 'నన్' (ఇంకేమీ లేదు అని) వచ్చేదాకా తిప్పండి. పోస్టుమ్యాన్ ఒకసారి తలుపు కొట్టి మూడు ఉత్తరాలు ఇస్తే, ఒకటి చదివి మళ్లీ చప్పుడు కోసం కూర్చోకూడదు కదా. టీఎల్ఎస్‌లో ఒకే రికార్డులో రెండు మూడు సందేశాలు కలిసి వచ్చే వీలుంది కాబట్టి ఇది మరీ ముఖ్యం. వచ్చింది 100 రకమైతే అది ఒక ఎంట్రీ, 101 వస్తేనే ఆ ప్రశ్న ముగిసినట్టు.

ఇంకో మెలిక: సర్వర్ తప్పు కోడ్ పంపితే రిజల్ట్3 ఎక్సెప్షన్ విసురుతుంది. దాన్ని తిప్పే లూప్ లోపలే పట్టుకుని, అందులోని మెసేజ్ నంబరు చూసి ఆ ఒక్క ఫ్యూచర్‌కే చెప్పండి. బయట పట్టుకుంటే ఒకరి తప్పుకు వెనకున్నవాళ్లంతా ఆగుతారు. మీరే విసిగి వదిలేసిన ప్రశ్నకు అబాండన్ ('దీన్ని వదిలేయి' అని) పంపి, డిక్షనరీలోంచి తీసేయండి. అబాండన్‌కు జవాబు రాదు, దానికోసం చూడకండి.

ఉన్న మనిషినే అప్పుడప్పుడు 'లేడు' అంటోంది

పాస్‌వర్డ్ సరిచూసే బైండ్‌ను వెతికే కనెక్షన్ మీదే చేస్తున్నారు. బైండ్ అయిన క్షణం నుంచి ఆ కనెక్షన్ ఆ వాడుకరిదే. తర్వాతి వెతుకులాట అతని హక్కులతోనే జరుగుతుంది, అతనికి కనిపించనిది మీకూ కనిపించదు. బైండ్‌లకు వేరే కనెక్షన్లు ఉంచండి. ఖాళీ పాస్‌వర్డ్‌ను సర్వర్ దాకా పంపనేవద్దు. కొన్ని సర్వర్లు దాన్ని పేరులేని బైండ్‌గా తీసుకుని 'విజయం' అంటాయి, మీ ప్రోగ్రామ్ తలుపు తెరిచేస్తుంది.

మిగిలిన చిన్నవి

సరిగ్గా 500 ఎంట్రీల దగ్గర ఆగితే అది ఓపెన్‌ఎల్‌డాప్ మామూలు పరిమితి. దాన్ని సర్వర్ సెట్టింగులోనే పెంచాలి. మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీలో 1000. అక్కడైతే పేజీలుగా అడగండి. కాసేపు ఖాళీగా ఉన్నాక మొదటి ప్రశ్న పోతుంటే, యాక్టివ్ డైరెక్టరీ 900 సెకన్లు ఊరుకున్న కనెక్షన్‌ను మూసేస్తుందని గుర్తుంచుకుని, అంతకు ముందే చిన్న ప్రశ్న ఒకటి పంపుతూ ఉండండి. అదే డైరెక్టరీలో డొమైన్ మొదలు నుంచి వెతికితే లూప్ మళ్లీ బిగుసుకుంటుంటే, లైబ్రరీ రిఫరల్స్ ('ఫలానా సర్వర్‌ను అడుగు' అనే సూచనలు) వెంట పడి మీకు చెప్పకుండా వేరే సర్వర్లకు కనెక్ట్ అవుతోంది. ఓపీటీ_రిఫరల్స్‌ను 0 చేయండి.