కిలిమంజారో ఎక్కేవారు ముందుగా తెలుసుకోవలసిన విషయాలు

కిలిమంజారో ఎక్కడానికి తాడు, మంచుగొడ్డలి, బండలు పట్టుకుని పాకే విద్య ఏవీ అక్కర్లేదు. టాంజానియాలోని ఈ 5,895 మీటర్ల పర్వతానికి శిఖరం దాకా కాలిబాట ఉంది, మచామే దారిలో ఒకే ఒక్క చోట తప్ప చేతులకు పని పడదు. కొండలెక్కిన అనుభవం అంతగా లేని ఉద్యోగులు కూడా సెలవు పెట్టుకుని ధైర్యంగా బయలుదేరడానికి కారణం ఇదే. ఆ ధైర్యాన్ని నేను తప్పుపట్టను. అయితే శిఖరం చేరకుండా మధ్యలోనే దిగివచ్చేవారిని ఎక్కువగా వెనక్కి పంపేది కాళ్ల బలహీనత కాదు, పలచబడిన గాలి. అక్కడ ఎదురయ్యే ఇబ్బందుల్లో ఏది మామూలుదో, ఏది ప్రమాద సూచనో ముందే తెలిసి ఉన్నవారికి ఈ ప్రయాణం సగం తేలికవుతుంది.

పైకి వెళ్లేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి శిఖరం మీదా, సముద్రతీరంలోనూ అది దాదాపు 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. దాంతో ఒక్కొక్క శ్వాసలో లోపలికి వచ్చే ఆక్సిజన్ శిఖరం దగ్గర తీరప్రాంతంతో పోలిస్తే సుమారు సగమే ఉంటుంది. ఈ లోటును పూడ్చుకోవడానికి శరీరం శ్వాస వేగాన్ని పెంచుతుంది, ఆ వేగం వల్ల రక్తంలో ఏర్పడిన మార్పును మూత్రపిండాలు సరిచేస్తాయి, ఈ సర్దుబాటంతటికీ గంటలు కాదు, రోజులు పడుతుంది. 3,000 మీటర్లు దాటిన తరువాత ఏ రాత్రి పడుకునే చోటైనా ముందు రాత్రి పడుకున్న చోటికంటే 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు విశ్రాంతి తీసుకోవాలని వైద్యులు చెప్పేది ఇందుకే. కిలిమంజారో దారులు ఈ నియమాన్ని పూర్తిగా పాటించవన్న నిజాన్ని మాత్రం యాత్రలు అమ్మేవారు తమంతట తాము చెప్పరు. మచామే దారిలో మొదటి రాత్రి 2,835 మీటర్ల దగ్గర పడుకుంటే, రెండో రాత్రి పడుకునేది సుమారు 3,800 మీటర్ల ఎత్తున ఉన్న షీరా శిబిరంలో.

కాబట్టి దారిని ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసినది ప్రకృతి అందాలను కాదు, రోజుల సంఖ్యను. మరంగు దారిలో పడుకోవడానికి చెక్క గుడిసెలు ఉంటాయి, గుడారాల బాధ ఉండదు. కానీ దాన్ని ఎక్కువగా అమ్మేది 5 రోజుల యాత్రగానే. పార్కు రుసుములు రోజుల లెక్కన కట్టాలి గనుక రోజులు తగ్గితే ధర తగ్గుతుంది, చవక ప్యాకేజీల రహస్యమంతా అదే. మచామే దారిలో 7 రోజులు, లెమోషో దారిలో 8 రోజులు పెట్టుకోగలిగినవారికి శరీరం అలవాటు పడే అవకాశం బాగా పెరుగుతుంది. నేను 7 రోజుల మచామే దారిలో ఎక్కాను, ఆ దారినే దృష్టిలో పెట్టుకుని ఇక్కడ రాస్తున్నాను. ఇంకా సెలవు ఉన్నవారు ముందుగా పక్కనే అరూషా నేషనల్ పార్కులో ఉన్న మేరు పర్వతం ఎక్కి రావడం మంచిది. అది 4,500 మీటర్లు దాటిన కొండ, దానికి మూడు నాలుగు రోజులు సరిపోతాయి. గైడు లేకుండా కిలిమంజారో మీదికి వెళ్లనివ్వరు. వెళ్లడానికి జనవరి, ఫిబ్రవరి నెలలు, లేదా జూన్ చివరి నుంచి అక్టోబరు దాకా అనువుగా ఉంటాయి, మార్చి నుంచి మే వరకు పెద్ద వానలు, నవంబరు ప్రాంతంలో చిన్న వానలు పడతాయి.

శిక్షణ విషయానికి వస్తే, 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి పాఠాలు నేర్చుకున్నది భువనగిరి కొండ బండ మీద. కిలిమంజారోకు అంత విద్య అక్కర్లేదు, మెట్లు చాలు. బయలుదేరడానికి మూడు నెలల ముందు నుంచి వారానికి నాలుగు రోజులు వడివడిగా నడవడం, వారానికొకసారి వీపున 6, 7 కిలోల సంచితో ఐదారు గంటలు ఎక్కిదిగడం సరిపోతుంది. తిరుపతికి దగ్గరగా ఉన్నవారికి అలిపిరి మార్గంలోని 3,550 మెట్లకంటే మంచి వ్యాయామశాల దొరకదు. ఒక్క షరతు, పైనుంచి బస్సులో దిగకూడదు. ఎక్కడానికి ఊపిరితిత్తులు, దిగడానికి తొడలు, మోకాళ్లు సిద్ధం కావాలి, చాలామంది రెండోదాన్ని మరిచిపోతారు. ఎంత దృఢంగా ఉన్నా ఎత్తు వల్ల వచ్చే అనారోగ్యం రాదన్న హామీ మాత్రం లేదు. బాగా పరుగెత్తగలిగినవారే వేగంగా నడిచి ముందుగా దెబ్బతినడం అక్కడ అరుదేమీ కాదు.

సామాను జాబితాలు ఎక్కడైనా దొరుకుతాయి గనుక, పొరపాట్లు జరిగే చోట్లను మాత్రమే చెబుతాను. బూట్లను కనీసం రెండు నెలలు వాడి మెత్తబరచుకుని, విమానంలో వాటిని తొడుక్కునే వెళ్లాలి, ఎందుకంటే పెట్టె దారితప్పితే జాకెట్టు అద్దెకు దొరుకుతుంది గానీ కాలికి కుదిరిన బూటు దొరకదు. ఒంటికి తగిలే పొర నూలుది కాకూడదు, చెమటకు తడిసిన నూలు ఆరదు, చలిని లోపలికి లాగుతుంది. పోర్టరుకు అప్పగించే సంచి మామూలుగా 15 కిలోలు దాటకూడదు. 2019 జూన్ నుంచి టాంజానియాలో ప్లాస్టిక్ సంచులు నిషేధం కాబట్టి బట్టలను క్యారీబ్యాగుల్లో చుట్టుకునే మన అలవాటును ఇంట్లోనే వదిలి రావాలి. ప్రయాణ బీమా 6,000 మీటర్ల ఎత్తు వరకు, హెలికాప్టరు తరలింపుతో సహా వర్తిస్తుందో లేదో షరతులు చదివి చూసుకోవాలి. ఎత్తైన కొండల మీద నడకను మామూలు పాలసీలు చాలావరకు మినహాయిస్తాయి.

మొదటి రోజు నడక వాన అడవిలో సాగుతుంది. మొదటి గంటలోనే గైడు నోటి నుంచి 'పోలే పోలే' అన్న మాట వినిపిస్తుంది, స్వాహిలీలో మెల్లమెల్లగా అని అర్థం. ఆ నడక చూస్తే మొదట నవ్వొస్తుంది, పెళ్లిలో వధువును మండపానికి తీసుకువెళ్లేటప్పుడు కూడా అంతకంటే వేగంగా నడుస్తారు. పక్కవారితో ఆయాసం లేకుండా పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు, మాట మధ్యలో తెగితే తగ్గించాలి. రోజుకు మూడు నాలుగు లీటర్ల నీళ్లు తాగాలి. శరీరం ఎత్తుకు స్పందించే తీరులోనే మూత్రం ఎక్కువవుతుంది కాబట్టి రాత్రి రెండు మూడు సార్లు గుడారం జిప్పు తీసి చలిలోకి వెళ్లక తప్పదు. ఆ సమయంలో దాహాన్ని ఆపుకుని నీళ్లు తగ్గించడం మాత్రం తెలివితక్కువ పని.

నిద్రలో ఇంకొక వింత జరుగుతుంది. ఊపిరి కాసేపు వేగంగా ఆడి, తరువాత కొన్ని సెకన్లు పూర్తిగా ఆగి, ఒక్కసారిగా గట్టి శ్వాసతో మళ్లీ మొదలవుతుంది. పక్కన పడుకున్నవారి శ్వాస ఇలా ఆగినప్పుడు భయపడి లేపినవారిలో నేనూ ఒకణ్ని. ఎత్తైన చోట ఇది సాధారణం, దీనికదే ప్రమాదం కాదు. నిద్రమాత్రలు, మద్యం మాత్రం శ్వాసను మరింత మందగింపజేస్తాయి గనుక వాటి జోలికి పోకూడదు. ఆకలి కూడా చచ్చిపోతుంది. శాకాహారులు ముందే చెబితే సూపు, చపాతీ, కూరగాయలు, అన్నం పెడతారు. అయితే 4,600 మీటర్ల దగ్గర నీళ్లు దాదాపు 85 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి అన్నం పలుకుగానే ఉంటుంది, ముద్ద గొంతు దిగదు. ఒక చిన్న సీసాలో నిమ్మకాయ ఊరగాయ, ఒక పొట్లం కందిపొడి తీసుకువెళ్లండి. వికారంగా ఉన్నప్పుడు ఆ పులుపొక్కటే నాలుగు ముద్దలు తినిపించింది, నూనె తేలే ఆవకాయ మాత్రం అక్కడ నాకు కడుపులో తిప్పింది.

మూడో రోజు ఈ యాత్రకు ఆయువుపట్టు. షీరా నుంచి 4,600 మీటర్ల దగ్గరి లావా టవర్ అనే బండ దాకా ఎక్కించి, భోజనం చేయించి, మళ్లీ 3,960 మీటర్ల బారంకో శిబిరానికి దించుతారు. ఎక్కినదంతా దిగడం వృథా శ్రమగా తోస్తుంది. శరీరానికి పలచని గాలిని రుచి చూపించి, రాత్రికి చిక్కని గాలిలో కోలుకోనివ్వడమే దాని ఉద్దేశం. చాలామందికి మొదటి తలనొప్పి వచ్చేది ఇక్కడే. దిగేకొద్దీ అది తగ్గితే శరీరం దారిలో పడుతున్నట్టు. ఆ దిగువదారిలో మనిషికంటే ఎత్తైన మొదళ్లతో, తలమీద ఆకుల గుత్తులతో నిలబడే మహా సెనీసియో మొక్కలు కనిపిస్తాయి. చలి నుంచి కాపాడుకోవడానికి అవి ఎండిన పాత ఆకులను రాల్చకుండా కాండానికే చుట్టుకుంటాయి. మరునాడు ఉదయం ఎక్కే బారంకో గోడ దగ్గరే చేతులు అవసరమయ్యేది. కింద నుంచి చూస్తే గుండె జారుతుంది గానీ, తల మీద గ్యాసు సిలిండరు పెట్టుకుని దాన్ని ఎక్కుతున్న పోర్టరును చూశాక మన భయం గురించి మాట్లాడబుద్ధి కాదు.

ఇక ప్రమాద సూచనల మాట. తలనొప్పి, వికారం, నీరసం, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం తేలికపాటి ఎత్తు అనారోగ్య లక్షణాలు. అవి ఉన్నంతసేపు అంతకంటే పైకి పోకూడదు, అదే ఎత్తులో ఆగాలి, తగ్గకుండా పెరుగుతుంటే దిగాలి. కదలకుండా కూర్చున్నప్పుడు కూడా ఆయాసపడటం, దగ్గు, నురగతో కూడిన కళ్లె వచ్చాయంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. మాట తడబడటం, మతిలేనట్టు ప్రవర్తించడం, తూలడం మెదడు వాపుకు గుర్తులు. అనుమానం వస్తే ఒక కాలి మడమను రెండో కాలి వేళ్లకు తాకిస్తూ తిన్నని గీత మీద పదడుగులు వేయించి చూడాలి, తూలితే అర్ధరాత్రయినా సరే, తోడుతో వెంటనే కిందికి దించాలి. ఆక్సిజన్, మందులు ఆ దిగడానికి సాయం చేస్తాయి తప్ప దిగడానికి బదులు కావు. మా బృందంలో ఒకాయన బారంకోలో వచ్చిన తలనొప్పిని, వెనక్కి పంపుతారేమోనన్న భయంతో, రెండు రోజులు దాచుకున్నారు. రెండో రోజు రాత్రి బరాఫు శిబిరంలో భోజనాల గుడారం తాడు తట్టుకుని పడి, లేచి, మళ్లీ అదే తాడు తట్టుకున్నారు. గైడు ఆయనను అప్పుడే దించేశారు, తెల్లవారేసరికి కింద కులాసాగా టీ తాగుతున్నారని కబురు వచ్చింది. బారంకోలోనే చెప్పి ఉంటే అక్కడే ఒక రోజు ఆగి ఎక్కగలిగేవారేమో. సాయంత్రం వేలికి తొడిగే ఆక్సీమీటరులో అంకె ఎనభైల్లోకి దిగడం అక్కడ మామూలే, ఆ అంకెకంటే మీరు చెప్పే నిజాన్నే గైడు ఎక్కువ నమ్ముకుని నిర్ణయం తీసుకుంటాడు.

ఎసిటజోలమైడ్, అంటే డయామాక్స్ అనే మాత్రను ముందు జాగ్రత్తగా సాధారణంగా 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ఒక రోజు ముందు నుంచి వాడతారు. సల్ఫా మందులు పడనివారు, మూత్రపిండాల సమస్య ఉన్నవారు వైద్యుణ్ని అడగకుండా ముట్టుకోకూడదు. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కడం దాని మామూలు దుష్ప్రభావం. శరీరం అలవాటు పడటాన్ని అది త్వరపరుస్తుందే గానీ, వచ్చిన లక్షణాలను లెక్కచేయకుండా పైకి పోవడానికి అనుమతి పత్రం కాదు.

శిఖరానికి బయలుదేరేది సుమారు 4,670 మీటర్ల ఎత్తున ఉన్న బరాఫు నుంచి. బరాఫు అంటే స్వాహిలీలో మంచుగడ్డ, దాన్ని విన్నప్పుడు మనకు బరఫ్ గుర్తుకు రావడం సహజం. అక్కడ నీళ్లు ఉండవు, కింద కరంగా లోయ నుంచి పోర్టర్లు మోసుకొస్తారు, కాబట్టి ఒక్క చుక్క కూడా పారబోయకండి. సాయంత్రమే పడుకోబెట్టి రాత్రి పదకొండు గంటలకు లేపుతారు, నిద్ర పట్టకపోయినా ఒళ్లు వాల్చి ఉండటం అవసరం. చలి సున్నాకు 10, 15 డిగ్రీలు దిగువకు పోవచ్చు, గాలి వీస్తే అంతకంటే ఎక్కువ అనిపిస్తుంది. నీళ్ల సంచి గొట్టం మీద ఆధారపడితే నాలాగే గంటలోపు గొట్టం గడ్డకట్టి దాహంతో నడవవలసి వస్తుంది. వేడినీళ్లు పోసిన సీసాను మేజోడులో పెట్టి, మూత కిందికి ఉండేలా తలకిందులుగా ఉంచుకోవాలి, మంచు పైభాగంలో కడుతుంది కనుక మూత తిరుగుతుంది. ఫోను, టార్చి బ్యాటరీలను చొక్కా లోపలి జేబులో ఒంటి వెచ్చదనానికి దగ్గరగా దాచుకోవాలి.

ఆ ఆరేడు గంటలు కనిపించేది ముందువారి బూటు మడమ, దాని మీద పడే మీ దీపపు వెలుగు, అంతే. తలెత్తితే పైన దీపాల వరుస చుక్కల్లో కలిసిపోయి ఎక్కడ కొండ ముగిసిందో, ఎక్కడ ఆకాశం మొదలైందో తెలియదు. అందుకే తలెత్తకపోవడం మేలు. రెండడుగులు ముందుకు వేస్తే ఒక అడుగు జారే గులకమట్టి మీద ఒక అడుగుకు ఒక శ్వాస చొప్పున నడవాలి. ఆగినా ఐదు నిమిషాలకు మించి ఆగకూడదు, ఒళ్లు చల్లబడితే మళ్లీ కదలడం కష్టం. తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు గంటల మధ్య చలి పెరిగి, వెనక్కి పోదామన్న ఆలోచన దాదాపు అందరికీ వస్తుంది. ఆ సమయంలో మిమ్మల్ని మీరు అడగవలసినది అలసటా, అనారోగ్యమా అని. అలసటైతే ఒక బెల్లం పల్లీపట్టీ ముక్క నోట్లో వేసుకుని నడవవచ్చు, తూలుతున్నా, మాట తడబడుతున్నా దిగాలి, ఆ తీర్పు గైడుదే. 5,756 మీటర్ల స్టెల్లా పాయింట్ దగ్గర నిటారు ఎక్కుడు ముగుస్తుంది. అక్కడి నుంచి అగ్నిపర్వత బిలం అంచు వెంబడి మరో గంట దాకా నడిస్తే ఉహురు, అంటే స్వేచ్ఛ, అన్న పేరున్న శిఖరం వస్తుంది. బోర్డు పక్కన ఫోటోకు వరుస ఉంటుంది, పావుగంటకు మించి అక్కడ ఉండకండి.

దిగడం తేలికని అనుకునేవారికి ఆ రోజే మోకాళ్లు సమాధానం చెబుతాయి. శిఖరం నుంచి 3,100 మీటర్ల మ్వేకా శిబిరానికి, అంటే దాదాపు 2,800 మీటర్లు, నిద్రలేని శరీరంతో ఒకే రోజులో దిగాలి. ముందు రోజే కాలిగోళ్లు పొట్టిగా కత్తిరించుకోవాలి, దిగే ముందు బూటు తాళ్లను చీలమండ దగ్గర బిగించి కట్టుకోవాలి, లేకపోతే ప్రతి అడుగుకూ వేళ్లు బూటు ముందుభాగానికి కొట్టుకుని గోళ్లు నల్లబడి ఊడిపోతాయి. చేతికర్రలు రెండూ వాడండి. చివరి రోజు ఉదయం గైడుకు, వంటవారికి, పోర్టర్లకు బహుమానం ఇవ్వడం ఆనవాయితీ. ఎంతమంది వస్తున్నారో, ఎవరికెంత ఇవ్వడం మర్యాదో యాత్రకు డబ్బు కట్టకముందే అడిగి తెలుసుకుని, చిన్న నోట్లుగా మార్చి, పేరు పేరునా విడివిడి కవర్లలో పెట్టుకుని వెళ్లండి, ఎందుకంటే మొత్తం ఒకరి చేతిలో పెడితే తల మీద మోతలు మోసిన చివరి మనిషికి చేరుతుందన్న నమ్మకం లేదు.