స్పోర్ట్స్ బైక్ మీద లాంగ్ రైడ్: నొప్పి ఎక్కడ, కారణం ఎక్కడ, ఏం చేయాలి

ఆర్15, ఆర్‌సీ 390, అపాచీ ఆర్ఆర్ 310 లాంటి బైక్ కొన్న హైదరాబాదీలు చాలామంది మొదటి లాంగ్ రైడ్‌కి శ్రీశైలమో విజయవాడో పెట్టుకుంటారు. తిరిగొచ్చాక "ఇది దూరాలకు పనికిరాదు" అని తేల్చేస్తారు. పనికొస్తుంది. ముందుకు వంగి కూర్చునే బైక్ కాబట్టి ఒంటి బరువు ఎక్కడ మోస్తున్నామన్నదే ముఖ్యం. నొప్పి ఒకచోట ఉంటే కారణం చాలాసార్లు ఇంకోచోట ఉంటుంది. కాబట్టి హ్యాండిల్ ఎత్తు పెంచే రైజర్లకు డబ్బు పెట్టే ముందు ఇవి చూసుకోండి.

సమస్య: మణికట్లు లాగేస్తున్నాయి, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి

ఎక్కువమంది చెప్పేది ఇదే. చాలాసార్లు కారణం చేతుల్లో ఉండదు, కాళ్లలో ఉంటుంది. తొడలతో ట్యాంక్‌ని పట్టుకోకపోతే పైభాగం బరువంతా అరచేతుల మీద పడుతుంది.

ముందు ఒక పరీక్ష చేయండి. బైక్‌ని ప్యాడాక్ స్టాండ్ (వెనక చక్రం లేపి బండిని నిటారుగా నిలబెట్టే స్టాండ్) మీద పెట్టండి, లేదా స్నేహితుణ్ని గట్టిగా పట్టుకోమనండి. రైడ్ చేసే భంగిమలో కూర్చుని రెండు చేతులూ గ్రిప్‌ల మీద నుంచి అంగుళం పైకి ఎత్తండి. ఒళ్లు ముందుకు పడిపోతోందంటే ఇన్నాళ్లూ మిమ్మల్ని మోసింది మణికట్లే. ఇప్పుడు మోకాళ్లతో ట్యాంక్‌ని నొక్కి, పొట్ట కొంచెం బిగించి మళ్లీ ఎత్తండి. తేడా వెంటనే తెలుస్తుంది. ట్యాంక్ జారుతుంటే పక్కన అంటించే రబ్బరు గ్రిప్ ప్యాడ్‌లు వేయించుకోండి. నా లెక్కలో స్పోర్ట్స్ బైక్‌కి మొదట కొనాల్సినవి అవే. రోడ్డు మీద మోచేతులు తేలిగ్గా పైకీ కిందకీ ఆడించగలిగితే మీరు సరిగ్గా కూర్చున్నట్టే.

ఏ వేళ్లు మొద్దుబారుతున్నాయో కూడా గమనించండి. చిటికెన వేలు, ఉంగరం వేలు అయితే అరచేతి అంచున అల్నార్ నరం నలుగుతోంది, అంటే చేతి మీద బరువు ఎక్కువైంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు అయితే మణికట్టు వంగిపోయి మీడియన్ నరం మీద ఒత్తిడి పడుతోంది. దీనికి క్లచ్, బ్రేక్ లివర్ల కోణం సరిచేయాలి. వేళ్లు లివర్ల మీద పెట్టినప్పుడు ముంజేయి, మణికట్టు, వేళ్లు ఒకే గీతలో ఉండేలా బోల్టులు కొంచెం వదులు చేసి తిప్పి, మళ్లీ బిగించాలి. బిగించాక హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి కేబుళ్లు లాగడం లేదని, బ్రేక్ మామూలుగానే పడుతోందని చూసుకోనిదే బండి కదపొద్దు. థ్రాటిల్‌ని పిడికిలి బిగించి కాకుండా, స్క్రూడ్రైవర్ పట్టుకున్నట్టు అరచేతిలో ఏటవాలుగా పట్టుకుంటే మణికట్టు తక్కువ వంగుతుంది.

అన్ని వేళ్లూ ఒకేసారి జిమ్మంటుంటే అది వైబ్రేషన్. ఆర్‌సీ 390, అపాచీ ఆర్ఆర్ 310 రెండూ సింగిల్ సిలిండర్లే. వేగం ఐదో పదో కిలోమీటర్లు మార్చి చూడండి, చాలాసార్లు ఆ జుమ్ము తగ్గిపోతుంది. హ్యాండిల్ చివర్లలో ఉండే బార్ ఎండ్ వెయిట్‌లు వదులుగా ఉన్నాయేమో, చైన్ పొడిబారిందేమో కూడా చూడండి. రైడ్ అయిపోయి రెండు మూడు రోజులైనా తిమ్మిరి వదలకపోతే డాక్టర్‌కి చూపించాల్సిందే.

మన ఊరికి సంబంధించిన సంగతి ఒకటుంది. హైవే మీద ఎదురుగాలి ఛాతీని కాస్త పైకి మోస్తుంది, ట్రాఫిక్‌లో ఆ సాయం ఉండదు. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మెయిన్ రోడ్డు మీదికి బైకుల్ని రానివ్వరు కాబట్టి, మియాపూర్ నుంచి విజయవాడ వెళ్లేవాళ్లు ఊరంతా దాటుకుని ఎల్బీనగర్, హయత్‌నగర్ మీదుగానే ఎక్కువగా పోతారు. ఎనిమిదింటికి బయల్దేరితే చౌటుప్పల్ చేరకముందే మణికట్ల పని అయిపోతుంది. ఐదింటికల్లా బయల్దేరమని పెద్దలు చెప్పేది ఎండ కోసమే కాదు, మీ చేతులకూ అదే మంచిది.

సమస్య: గంట దాటితే సీటు మీద కూర్చోలేకపోతున్నాం

బ్రేక్ వేసినప్పుడల్లా ముందుకు జారి ట్యాంక్‌కి అతుక్కుపోవడం మొదటి కారణం. సీటు ముందుభాగం సన్నగా ఉంటుంది, గజ్జల దగ్గర తిమ్మిరి వచ్చేది అక్కడే. ట్యాంక్‌కీ మీకూ మధ్య పిడికిలి పట్టేంత ఖాళీ ఉంచుకుని వెనక్కి కూర్చోండి.

రెండో కారణం బట్టలు. జీన్స్ మందపాటి కుట్లు, చెమటకు తడిసిన కాటన్ లోదుస్తులు కలిసి తొడల సందుల్లో ఒరిపిడి పెడతాయి. రైడింగ్ ప్యాంట్ లోపల ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్ వేసుకుంటే చాలావరకు తీరిపోతుంది.

పుత్లీబౌలి వైపు సీటు మార్పించడానికి వెళ్తే మెత్తటి స్పాంజ్ అడగకండి. షాపులో కూర్చున్నప్పుడు హాయిగా ఉంటుంది, వంద కిలోమీటర్లకు అణిగిపోయి కింద బేస్ తగులుతుంది. గట్టి ఫోమే దూరానికి నిలబడుతుంది. ఖాళీ రోడ్డు మీద పావుగంటకోసారి మోకాళ్లు కొంచెం వంచి, పాదాలు పెట్టే పెగ్‌ల మీద కొన్ని క్షణాలు లేచి నిలబడితే రక్తం ఆడుతుంది.

ప్రతి గుంతా వెన్నుకి తగులుతుంటే సీటుని అనే ముందు టైర్ చూడండి. పంక్చర్ షాపుల్లో చేతికొచ్చినంత గాలి కొట్టేస్తారు. మాన్యువల్‌లో ఉన్న లెక్క ప్రకారం, టైర్ చల్లగా ఉన్నప్పుడే కొలిపించండి.

సమస్య: మెడ పట్టేస్తోంది

వీపు గుండ్రంగా వంచి కూర్చుంటే రోడ్డు చూడటానికి మెడ వెనక్కి విరవాల్సి వస్తుంది. నడుము దగ్గర కాకుండా తుంటి దగ్గర వంగండి, వీపు తిన్నగా అవుతుంది, మెడ పని సగం తగ్గుతుంది. భుజాలకు బ్యాక్‌ప్యాక్ వేలాడుతుంటే ఇదంతా చేసినా లాభం లేదు. సామాను వెనక సీటు మీద కట్టే టెయిల్ బ్యాగ్‌లోకి మార్చండి. వేగంలో హెల్మెట్ పైకి లేస్తోందంటే సైజు పెద్దదని అర్థం.

సమస్య: మోకాళ్లు నొప్పి

పెగ్‌లు వెనక్కి, పైకి ఉండటం వల్ల మోకాలు బాగా ముడుచుకుంటుంది. పాదం ముందుభాగం పెగ్ మీద పెట్టి, వీలున్నప్పుడు ఒక్కో కాలూ చాపుతూ ఉండండి. పొడుగువాళ్లకు పెగ్ కిందకి దించే కిట్‌లు ఉన్నాయి గానీ, మలుపుల్లో పెగ్ నేలకు తగిలే ప్రమాదం పెరుగుతుంది.

సమస్య: తలనొప్పి, నీరసం, చిరాకు

నుదుటి దగ్గర గీత పడేలా నొక్కుతుంటే హెల్మెట్ ఆకారం మీ తలకు సరిపోలేదు. అది కాకపోతే గాలి హోరు. ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకున్నాక కూడా హారన్‌లు వినిపిస్తాయి, అలసట మాత్రం బాగా తగ్గుతుంది.

వేసవిలో అసలు కారణం నీళ్లు. గాలి 40 డిగ్రీలు ఉన్నప్పుడు అది ఒంటికంటే వేడి. జాకెట్ జిప్ తీసేస్తే చల్లబడరు, ఇంకా వేడెక్కుతారు, చెమట ఆరిపోయి ఒంట్లో నీరు ఎంత పోతోందో కూడా తెలియదు. లోపలి టీషర్ట్ తడిపి, మీద గాలి ఆడే జాలీ గుడ్డ ఉన్న మెష్ జాకెట్ మూసి వేసుకోండి. దాహం వేయకముందే గుక్కగుక్కగా తాగండి, మధ్యలో ఒక ఓఆర్ఎస్ కలుపుకోండి. మూత్రం ముదురు పసుపులో వస్తోందంటే వెనకబడ్డట్టే.

సమస్య: పోయేటప్పుడు బాగానే ఉంది, వచ్చేటప్పుడే ఒళ్లంతా నొప్పులు

పొట్ట, తొడల కండరాలు అలిసిపోతే తెలియకుండానే బరువు మళ్లీ చేతుల మీదకు జారుతుంది. శ్రీశైలం దారిలో ఇంకో కారణం కలుస్తుంది. నల్లమల అడవిలోకి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. సాయంత్రం దాకా అక్కడే ఉండి, గేటు పడేలోపు దాటాలన్న టెన్షన్‌తో ఎక్కడా ఆగకుండా లాగించేస్తారు. మధ్యాహ్నం మూడింటికల్లా బయల్దేరితే మన్ననూరులో ఒకసారి, డిండి దగ్గర ఒకసారి, కల్వకుర్తిలో ఒకసారి దిగే వీలుంటుంది. దిగినప్పుడు ఫోన్ పట్టుకుని కూర్చోకుండా పది నిమిషాలు నడవండి, మణికట్లు తిప్పండి, తొడలు సాగదీయండి. ఎండలో తల తిరుగుతూ, మాట తడబడుతూ, ఒళ్లు కాలిపోతుంటే మాత్రం అది నొప్పుల లెక్క కాదు, వడదెబ్బ. బండి పక్కన పెట్టి నీడకు చేరండి, ఒంటి మీద నీళ్లు పోయించుకుంటూ 108కి ఫోన్ చేయించండి.