చిన్న సినిమాశాలలో ప్రదర్శననూ చర్చనూ కలిపి నడపడం ఎలా

స్థానిక ప్రేక్షకుల చొరవతో నడిచే కళాత్మక చిత్రాల సినిమాశాలల్లో సాధారణంగా ప్రదర్శనల జాబితాను ఒక బృందం, విద్యా కార్యక్రమాలను మరో బృందం విడివిడిగా తయారుచేస్తుంటాయి. ఈ పద్ధతి మానుకోవడం మంచిది. ఏ సినిమా వేయాలో నిర్ణయించే సమావేశంలోనే, దాని గురించి ఎవరితో, ఎంతసేపు, ఏ ప్రశ్నతో మాట్లాడాలో కూడా తేల్చుకుంటే రెండు పనులూ ఒకదానికొకటి బలమవుతాయి.

ఎంపిక విషయంలో విడి సినిమాల కన్నా మూడు నాలుగు సినిమాల వరుస మేలు. ఒకే దర్శకుడి సినిమాలతో వరుస కట్టడం సులువే గానీ, తెర మీద కనిపించని చోటు నుంచి వచ్చే శబ్దం, కోత లేకుండా సాగే షాట్, పిల్లల చూపులోంచి చెప్పిన కథ వంటి ఒక నిర్దిష్టమైన అంశం చుట్టూ సినిమాలను కూర్చితే, కొత్తగా వచ్చినవారికి కూడా పట్టుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది. వరుసలో తేలికగా అందే సినిమాను ముందు పెట్టాలి.

పోస్టర్ వేయడానికి ముందే ప్రదర్శన హక్కుల సంగతి చూసుకోవాలి. ఇంట్లో చూసుకోవడానికి కొన్న డిస్కు గానీ, స్ట్రీమింగ్ చందా గానీ బహిరంగ ప్రదర్శనకు అనుమతి ఇవ్వవు. ప్రవేశం ఉచితమైనంత మాత్రాన ఆ నియమం తొలగిపోదు. పాత సినిమాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే అసలు చిత్రానికి హక్కుల కాలం ముగిసినా, దానికి కొత్తగా చేర్చిన సంగీతం మీదా, సబ్‌టైటిల్స్ మీదా వేరేవారికి హక్కులు ఉండవచ్చు. పంపిణీదారుకు రాసే ఉత్తరంలో తేదీ, ఆటల సంఖ్య, సీట్లు, టికెట్ ధరతో పాటు, చర్చలో కొన్ని దృశ్యాలను మళ్లీ వేసి చూపిస్తామన్న మాట కూడా రాసి, దానికీ అనుమతి తీసుకోవాలి.

సాంకేతిక ఏర్పాట్లలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది ముందస్తు పరీక్ష మీద. ఇప్పుడు సినిమాలు ఎక్కువగా డీసీపీ (డిజిటల్ సినిమా ప్యాకేజ్, అంటే సినిమాశాలల్లో వేయడానికి తయారుచేసే ఫైళ్ల కూర్పు) రూపంలో వస్తున్నాయి. వాటిలో తాళం వేసి వచ్చేవాటిని తెరవడానికి కేడీఎం అనే డిజిటల్ తాళంచెవి కావాలి; అది సినిమాను నడిపే మన సర్వర్ మీద, ఇచ్చిన మొదటి తేదీ, సమయం నుంచి ముగింపు తేదీ, సమయం వరకు మాత్రమే పనిచేస్తుంది. అందుచేత సర్వర్ వివరాలు ముందుగానే పంపి, తాళంచెవి గడువు కనీసం ఒక రోజు ముందు నుంచి మొదలయ్యేలా అడగాలి, లేకపోతే పరీక్షించే అవకాశమే ఉండదు. మొదటి ఐదు నిమిషాలు చూసి సరిపెట్టుకోకుండా మధ్యలోనూ చివరలోనూ కొంత చూడాలి. వెనుక వరుసలో కూర్చుని సబ్‌టైటిల్స్ చదవగలుగుతున్నామా, 1.37 నిష్పత్తిలో (ఎత్తుకు 1.37 రెట్లు వెడల్పుతో) తీసిన పాత చిత్రాన్ని వెడల్పు తెర నిండేలా పెద్దది చేయడం వల్ల మనుషుల తలలు తెగిపోతున్నాయా అన్నవి స్వయంగా చూసుకోవాలి. ప్రేక్షకులు నిండిన హాలు శబ్దాన్ని కొంత పీల్చుకుంటుంది కాబట్టి, ఖాళీ హాలులో సరిగ్గా వినిపించిన స్థాయి ఆట సమయానికి కాస్త తగ్గినట్టు అనిపించవచ్చు. మూకీ చిత్రాలు చాలావరకు సెకనుకు 24 ఫ్రేముల కన్నా తక్కువ వేగంతో తీసినవి. వాటిని 24 ఫ్రేముల వేగంతో వేస్తే మనుషులు పరుగులు పెడుతున్నట్టు కనిపిస్తారు. ఏ వేగంతో వేయాలో ఆ సినిమా కాపీని పంపినవారినే అడిగి తెలుసుకోవాలి.

సినిమాకు ముందు పరిచయం ఐదు నిమిషాలు దాటకూడదు. కథ చెప్పకుండా, గమనించవలసిన ఒక్క విషయాన్ని చెప్పి ఆపేయాలి.

చర్చలో అందరూ చేసే పని, "సినిమా ఎలా అనిపించింది?" అని అడగడం. దానికి "బాగుంది" అన్న జవాబు వస్తుంది, మాట అక్కడితో ఆగిపోతుంది. దానికి బదులు, "తల్లి ఏడ్చినప్పుడు కెమెరా ఆమె ముఖం వైపు ఉందా, వీపు వైపు ఉందా?" అని అడిగి చూడండి. సగం మంది ముఖం అంటారు, సగం మంది వీపు అంటారు. అప్పుడు ఆ రెండు నిమిషాల దృశ్యాన్ని మళ్లీ వేయాలి. తాము చూశామనుకున్నదానికీ తెర మీద ఉన్నదానికీ తేడా కనబడగానే, అలా ఎందుకు తీశారన్న ప్రశ్న ప్రేక్షకుల నుంచే వస్తుంది. ముందు చూసినది చెప్పించి, అర్థం గురించి తర్వాత మాట్లాడించాలన్నది నా గట్టి నమ్మకం. అతిథిగా వచ్చిన నిపుణుడు చివర మాట్లాడాలి. ఆయన మొదట మాట్లాడితే మిగతావారు నోరు విప్పరు. పదిమందిలో మాట్లాడటానికి సంకోచించేవారి కోసం, పక్కనున్నవారితో రెండు నిమిషాలు మాట్లాడుకోమని ముందుగా చెప్పాలి.

పిల్లలకూ యువతకూ చేయించదగిన ఒక అభ్యాసం ఉంది. 1895లో ఫ్రాన్స్‌కు చెందిన సినిమా ఆద్యులు లూమియేర్ సోదరులు చూపిన తొలి చిత్రాలు ఒక్కొక్కటి దాదాపు 50 సెకన్ల నిడివి గల ఒకే షాట్. పారిస్‌లో సినిమాలను భద్రపరిచి ప్రదర్శించే సంస్థ సినిమాథెక్ ఫ్రాన్సేజ్ 1995లో ప్రారంభించిన విద్యా కార్యక్రమం ఆ నియమాన్నే పిల్లల అభ్యాసంగా మలచింది. దీనికి ఒక ఫోను, దాన్ని కదలకుండా నిలిపే స్టాండు చాలు. ఒక నిమిషం పాటు జూమ్ చేయకుండా, కెమెరా కదపకుండా, కోత లేకుండా తీయాలి. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి అన్న రెండు నిర్ణయాలే విద్యార్థి చేతిలో ఉంటాయి, ఆ రెండింటి కోసమే అతడు ఎంతోసేపు ఎదురుచూస్తాడు, చుట్టూ చూస్తాడు. తీసినవాటిని తప్పనిసరిగా పెద్ద తెర మీద, దీపాలు ఆర్పి చూపించాలి.

బడుల కోసం ఆటలు వేసేటప్పుడు ఉపాధ్యాయులకు సినిమాను ముందే చూపించాలి. చిన్న పిల్లలకు ఒక పెద్ద సినిమా కన్నా గంటకు మించని లఘుచిత్రాల కూర్పు నయం. శబ్దాన్నీ చీకటినీ తట్టుకోలేనివారి కోసం అప్పుడప్పుడు దీపాలు సగం వెలిగించి, ధ్వని తగ్గించి, మధ్యలో లేచి తిరిగే స్వేచ్ఛ ఇచ్చే ఆటలు వేయాలి. చక్రాల కుర్చీకి ఉంచిన స్థలం పక్కనే తోడు వచ్చినవారికి సీటు ఉండాలి.

ప్రతి ఆట తర్వాత, అదే రాత్రి, ఎంతమంది వచ్చారు, ఏ ప్రశ్నకు మాట కదిలింది, ప్రొజెక్షన్‌లో ఏం తడబడింది అన్నవి ఒక పుస్తకంలో రాసిపెట్టాలి. చర్చల్లో పదేపదే ఎదురైన ప్రశ్న ఏదైనా ఉంటే, తర్వాతి వరుసకు అంశంగా దాన్నే తీసుకోవచ్చు.