స్టాండప్ 15 నిమిషాల్లో ముగియాలంటే బోర్డును కుడి నుంచి చదవండి

పావుగంటలో అవ్వాల్సిన డైలీ స్టాండప్ (టీమంతా రోజూ పని గురించి మాట్లాడుకునే చిన్న మీటింగ్) మా టీమ్‌లో నలభై నిమిషాలు సాగేది. నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, అడ్డంకులేమిటి అంటూ ఒక్కొక్కరూ హాజరు వేయించుకున్నట్టు చెప్పుకుపోవడమే. నిజానికి ఆ మూడు ప్రశ్నల పద్ధతిని స్క్రమ్ అనే టీమ్ పనివిధానాన్ని వివరించే స్క్రమ్ గైడ్ 2020 ఎడిషన్‌లోంచి తీసేశారు కూడా.

ఇప్పుడు మనుషుల వరుస వదిలేసి బోర్డు వరుసలో వెళ్తున్నాం. బోర్డు అంటే ఒక్కో పనికి ఒక కార్డు పెట్టి, "టు డు" (చేయాల్సినవి) నుంచి "డన్" (అయిపోయినవి) దాకా ఎడమ నుంచి కుడికి కాలమ్‌లలో జరుపుకుంటూ పోయే పట్టిక. "డన్"కి పక్కనే ఉన్న కాలమ్‌తో, అంటే సాధారణంగా టెస్టింగ్‌తో మొదలుపెట్టి ఎడమవైపుకు రావాలి. ఒక్కో కార్డుకు ఒకటే ప్రశ్న: "ఇది ముందుకు కదలాలంటే ఏం కావాలి?" కార్డుకు ఒక నిమిషం, అంతే. చర్చ ముదిరితే కార్డు నంబరు పక్కన రాసిపెట్టి, స్టాండప్ అయ్యాక సంబంధించిన ఇద్దరు ముగ్గురే ఆగి మాట్లాడుకోవాలి. "టు డు" కాలమ్ జోలికి వెళ్లనక్కర్లేదు. మొదటి రెండు రోజులు అందరికీ ఎబ్బెట్టుగానే ఉంటుంది, పట్టించుకోకండి.

కార్డులు ముందురోజు సాయంత్రమే అప్‌డేట్ చేసి ఉండాలి, లేకపోతే ఇది పనిచేయదు. ఆరుగురి టీమ్‌లో ఇరవై కార్డులు ఒకేసారి నడుస్తున్నా అంతే. అప్పుడు ముందు కొన్నింటిని ఆపాలి. బోర్డు మీద కార్డు లేనివాళ్ల మాట తప్పిపోతుంది, చివర్లో వాళ్లను విడిగా అడగండి.